పరీక్ష తల్లికి, మినహాయింపు వార్డుకు

‘ఎంపిక చేసిన ఆసుపత్రిలో తల్లిపాలపై బాలింతల పరిజ్ఞానం - ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం: ఒక అధ్యయనం’. నర్సింగ్‌లో పీజీ చేసినవారెవరికైనా ఈ శీర్షిక చూస్తే నవ్వయినా రావాలి, నిట్టూర్పయినా రావాలి. తల్లిపాలు తీసేసి టీకాలు పెట్టండి. టీకాలు తీసేసి ఓఆర్ఎస్ పెట్టండి. బాలింతల బదులు షుగర్ రోగులను, తల్లిపాల బదులు పాదాల సంరక్షణను పెట్టండి. మరో థీసిస్ సిద్ధం. ఏటా ఇవే బైండింగుకు వెళుతున్నాయి, ఇవే లైబ్రరీ అలమరాల్లో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. తల్లీబిడ్డల ప్రాణాలతో, ఏళ్లతరబడి జబ్బులతో బతికేవారి బాగోగులతో ముడిపడిన ఒక శాస్త్రం ఇలా మొక్కుబడి తంతుగా దిగజారుతుంటే ఇంకెంతకాలం చూస్తూ ఊరుకోవాలి?

తంతు సాగే తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. ముప్పై ప్రశ్నల పత్రం ఒకటి తయారవుతుంది. తల్లుల చేత దాన్ని నింపిస్తారు. అది ప్రీ-టెస్ట్. చార్టులు, ఫ్లాష్ కార్డులు పట్టుకుని ముప్పావుగంట పాఠం చెబుతారు. వారం తిరిగేసరికి అదే పత్రం మళ్లీ చేతిలో పెడతారు. అది పోస్ట్-టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి? జవాబులు చెప్పి మరీ అవే ప్రశ్నలు అడిగినా పెరగకపోతే, అప్పుడు చెయ్యాలి పరిశోధన! పోల్చి చూడటానికి పాఠం వినని మరో బృందం చాలాసార్లు ఉండనే ఉండదు. లెక్కలు కట్టేవారి దగ్గరికి వెళితే పీ విలువ 0.05 కంటే తక్కువని, అంటే ఈ పెరుగుదలను కాకతాళీయమని కొట్టిపారేయలేమని తేలుతుంది. ‘బోధన ప్రభావవంతం’ అని చివరి అధ్యాయంలో రాసుకుంటారు. ఆ తల్లి బిడ్డకు పాలు పట్టగలిగిందా, పడితే ఎన్ని నెలలు పట్టింది, బిడ్డ బరువు పెరిగిందా అన్నవాటికి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా జవాబుండదు.

ఆ పత్రం తల్లి చేతికందే క్షణాన్ని కాస్త దగ్గరగా చూడండి. ప్రసూతి వార్డులో తిరిగినవారికి కొత్త దృశ్యమేమీ కాదు. సిజేరియన్ అయి రెండో రోజు. కుట్లు లాగుతున్నాయి, పక్కకు ఒత్తిగిల్లడమే గండంగా ఉంది. క్లిప్‌బోర్డు పట్టుకున్న విద్యార్థిని మంచం పక్కన నిలబడి పదకొండో ప్రశ్న చదువుతుంది: ‘బిడ్డ పుట్టాక ఎంతసేపట్లో తల్లిపాలు పట్టాలి?’ తల్లి ‘గంటలోపు’ అన్న జవాబుకు టిక్కు పెడుతుంది. ఒక మార్కు. ఆమె బిడ్డను మాత్రం థియేటర్ నుంచి తిన్నగా నర్సరీకి పట్టుకుపోయారు. ఒడిలో పెట్టేసరికి ఆరు గంటలు దాటింది. ఆ ఆరు గంటలు ఏ పత్రంలోనూ ప్రశ్నగా కనబడవు. గంటలోపు పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. ఆ సంగతి తల్లికి తెలుసో లేదో కొలిచారు. ఆసుపత్రి పాటించిందో లేదో కొలవలేదు. పరీక్ష తల్లికి, మినహాయింపు వార్డుకు. మా పేచీ అంతా ఇక్కడే.

అవగాహన అక్కర్లేదా అని ఈ థీసిస్‌లు రాయించే గైడ్లు అడుగుతారు. విద్యార్థికి ఉన్న వ్యవధి తక్కువ, ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకోవాలి, ఎవరికైనా తొలి మెట్టు ఇలాగే ఉంటుందనీ అంటారు. నిజమే. కానీ మెట్టు మీదే దశాబ్దాలుగా కూర్చుంటే దాన్ని మెట్టు అనరు, అరుగు అంటారు.

ఇది చదువుల గొడవే అయితే సంపాదకీయం రాయాల్సిన పని లేదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా గర్భంతోనో, కాన్పుతోనో ముడిపడిన కారణాలతో చనిపోయిన తల్లులు దాదాపు 2.6 లక్షల మంది. ఇలాంటి మరణాల వెనక మూడు జాప్యాలుంటాయని సెరీన్ థాడ్యూస్, డెబొరా మెయిన్ 1994లోనే విడమర్చారు: ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, దారిలో జాప్యం, ఆసుపత్రికి చేరాక సరైన వైద్యం అందడంలో జాప్యం. నర్సు రోజంతా నిలబడేది మూడో జాప్యం జరిగే చోట. ఆమె చేత పరిశోధన చేయించేది మాత్రం మొదటి జాప్యం మీద, అంటే ఇంటి మీద, తల్లి మీద! ‘బాలింతలకు తెలియదు’, ‘గర్భిణులకు తెలియదు’ అని రాసిన కాగితాలు ఇలా గుట్టపడేకొద్దీ రేపు ఒక తల్లి చనిపోయినప్పుడు మరణ సమీక్షలో ‘అవగాహన లోపం’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం ఎంత సులువు! ఆధారం అడిగితే అలమరా నిండా థీసిస్‌లున్నాయి. వార్డుకు వ్యతిరేకంగా సాక్ష్యం కావాలంటే ఒక్క పేజీ దొరకదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు.

వార్డుకు మార్కులు వేస్తే ఏమవుతుందో చూడండి. కాన్పు తర్వాత రక్తస్రావం తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో ముందుంటుంది. 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని పాఠ్యపుస్తకం చెబుతుంది. గుడ్డల్లో ఇంకిపోయి, బల్ల మీదుగా కారిపోయిన రక్తం 500 అవునో కాదో తేల్చగల కన్ను మాత్రం ఎవరికీ లేదు. అందుకే ‘మామూలే’ అనుకుంటారు. అనుకున్న అరగంటకు తల్లి చల్లబడిపోతుంది. ఇక్కడ పనికొచ్చింది ఒక ప్లాస్టిక్ షీటు. కాన్పు కాగానే తల్లి నడుము కింద పరుస్తారు. కింది కొస గరాటులా సంచిలోకి దిగుతుంది, సంచి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. రక్తం జారి అందులో చేరుతుంది. గీత చూస్తే లెక్క తెలిసిపోతుంది.

ఈ షీటునూ, రక్తస్రావం తేలగానే గర్భాశయ మర్దన, గర్భసంచి బిగిసే మందులు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, కారణం కోసం పరీక్ష, ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెట్టే పద్ధతినీ కలిపి ఈ-మోటివ్ అనే పరిశోధన పరీక్షించింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులను ఎంచుకుంది. 2 లక్షలకు పైగా కాన్పులు. 2023లో ఫలితాలొచ్చాయి. పాత పద్ధతిలో రక్తస్రావమైన తల్లుల్లో సగం మందినే గుర్తిస్తుంటే, కొత్త పద్ధతిలో 93 శాతం మందిని గుర్తించారు. తీవ్ర రక్తస్రావం, దాన్ని ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, రక్తస్రావంతో మరణం, వీటి మొత్తం 60 శాతం తగ్గింది. కొలిచింది తల్లి పరిజ్ఞానాన్ని కాదు. మార్కులు పడింది కాన్పు గదికి.

ఈ పరిశోధనను నడిపించినవారిలో ముందున్నది వైద్యులు. ‘ఎంత రక్తం పోయిందో మనం నిజంగా కొలుస్తున్నామా?’ అన్న ప్రశ్న ముందుగా పుట్టాల్సింది షిఫ్టంతా ఆ బల్ల పక్కనే ఉండే నర్సు నోట్లోంచి. పుట్టే ఉంటుంది కూడా. టాపిక్ మార్చుకోమని ఉంటారు.

కంగారూ సంరక్షణ సంగతి ఇంకా విడ్డూరం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు సరిపడా లేని ఒక ఆసుపత్రిలో మొదలైంది. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే మొదలుపెట్టాలన్నది పాత పద్ధతి. కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే? ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 1 కిలో నుంచి 1.8 కిలోలలోపు బిడ్డలతో పరీక్షించి 2021లో ప్రకటించారు. 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి దిగాయి. ఇందుకోసం ఆ ఆసుపత్రులు చేసిన ముఖ్యమైన మార్పు ఏమిటంటే, నవజాత శిశువుల ఐసీయూలోకి తల్లి మంచం తెచ్చి వేయడం. అంతే. చుట్టపుచూపుగా వచ్చి అద్దంలోంచి చూసిపోయే తల్లి ఇరవై నాలుగు గంటలూ బిడ్డ దగ్గరే ఉండగలిగింది.

ఇక మన అలమరాకు వద్దాం. కంగారూ సంరక్షణపై తల్లుల పరిజ్ఞానం, తల్లుల వైఖరి, తల్లుల సంసిద్ధత... కట్టలు కట్టలు. ఐసీయూలో తల్లికి మంచముందా లేదా అన్న ఒక్క ప్రశ్న మాత్రం కనబడదు. మంచం వెయ్యని గది బయట ఆమెను నిలబెట్టి, ఆమె సంసిద్ధతకు పదికి ఎన్ని మార్కులో లెక్కగడతారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. పాపం, ఆ మద్దెల పచ్చి బాలింత.

ఈ వృత్తికి తల్లి అని ఏటా మే 12న ఎవరి బొమ్మకు దండ వేస్తారో ఆ ఫ్లోరెన్స్ నైటింగేల్ ఏం చేశారో ఈ గైడ్లకు గుర్తుచేయాలి. దీపం అందరికీ తెలుసు, లెక్కల పుస్తకమే ఎవరికీ పట్టదు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఆమె పేరిట ఏర్పడిన నిధి సాయంతో మిడ్‌వైఫ్‌ల శిక్షణ కోసం నడిచిన ప్రసూతి వార్డులో సూతికా జ్వరంతో, అంటే కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్‌తో వచ్చే జ్వరంతో, తల్లులు చనిపోయారు. 1860లలోనే ఆ వార్డు మూతపడింది. ఆమె అక్కడితో ఆగకుండా ఇళ్లలో జరిగే కాన్పుల మరణాలనూ, ప్రసూతి ఆసుపత్రుల మరణాలనూ పక్కపక్కన పెట్టి 1871లో ప్రచురించారు. ఆసుపత్రుల్లోనే ఎక్కువమంది పోతున్నారని తేల్చారు. తన సొంత వార్డునే బోనెక్కించిన మనిషి ఆమె. ఆమె బొమ్మకు దండ వేసినవారే మర్నాడు విద్యార్థిని చేతికి ముప్పై ప్రశ్నల పత్రమిచ్చి బాలింతను బోనెక్కించమంటున్నారు.

దీర్ఘకాలిక జబ్బుల దగ్గరా వేరే కథ లేదు. గుండె బలహీనపడ్డ పెద్దాయనకు డిశ్చార్జి కాగితాలు చేతిలో పెడుతూ, ఉప్పు తగ్గించండి, రోజూ బరువు చూసుకోండి, మాత్ర మానొద్దు అని ఐదు నిమిషాల్లో ఏకరువు పెడతారు. ఆయన అన్నిటికీ తలూపుతాడు. నెల తిరక్కుండా ఆయాసంతో మళ్లీ అదే వార్డుకు వస్తాడు. ‘రోగి సూచనలు పాటించలేదు’ అని కేస్‌షీట్‌లో రాస్తారు. పాటించడానికి వెనక ఎవరున్నారని ఎవరూ అడగరు. అమెరికాలో మేరీ నేలర్ అడిగారు. ఆమె స్వయంగా నర్సు. ఆసుపత్రిలో ఉండగానే ఒక శిక్షితురాలైన నర్సును వృద్ధ రోగికి కేటాయించి, అదే నర్సు ఇంటికి కూడా వెళ్లేలా, ఫోన్లో అందుబాటులో ఉండేలా చూశారు. 1999లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇలా తోడు లేనివారిలో 24 వారాల్లో 37 శాతం మంది తిరిగి ఆసుపత్రిలో చేరితే, తోడున్నవారిలో 20 శాతమే. ఆ పెద్దాయనకు పాఠం వినిపించి మార్కులు వేస్తే ఈ తేడా దొరికేది కాదు.

లిండా ఐకెన్ కూడా నర్సే. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు తీసి, శస్త్రచికిత్స రోగుల వార్డుల్లో ఒక్కో నర్సుకు ఒక్క రోగి అదనమైతే 30 రోజుల్లోపు మరణించే ముప్పు 7 శాతం పెరుగుతుందని 2002లో చూపించారు. పన్నెండేళ్ల తర్వాత తొమ్మిది యూరప్ దేశాల్లో చూస్తే దాదాపు అదే అంకె వచ్చింది. ఎన్నడూ ఏ తల్లి పరిజ్ఞానానికీ భయపడని ఆసుపత్రి పెద్దలు భయపడేది ఇలాంటి అంకెకే.

అందుకే ఈ ప్రశ్నలు అడగనివ్వరు. రాత్రి డ్యూటీలో ఒక్కో నర్సు చేతికింద ఎందరు బాలింతలున్నారో లెక్కిస్తానని ఒక విద్యార్థిని అడిగిందనుకోండి. మంచం దగ్గర బెల్లు మోగాక ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చారో రాసుకుంటానని అడిగిందనుకోండి. గైడ్ ముఖం మాడుతుంది. సూపరింటెండెంట్ సంతకానికి ఫైలు తిరుగుతూనే ఉంటుంది. పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి వంద సందేహాలు పుట్టుకొస్తాయి. కుట్ల నొప్పితో ఉన్న బాలింతను ముప్పై ప్రశ్నలు, అదీ రెండుసార్లు అడగడానికి మాత్రం అదే కమిటీకి ఏ అభ్యంతరమూ తోచదు. అనుమతి సులువుగా దొరికే ప్రశ్నలే శాస్త్రంగా చలామణీ అవుతుంటే, ఆ శాస్త్రం ఎవరి తరఫున పనిచేస్తున్నట్టు?

డబ్బు లేదంటారు. నిజంగానే లేదు. నర్సింగ్‌కు ప్రత్యేక జాతీయ పరిశోధన సంస్థ ఉన్న అమెరికాలోనే, 1986లో కేంద్రంగా పుట్టి 1993లో సంస్థగా ఎదిగిన దాన్ని ఎత్తేద్దామని 2025లో శ్వేతసౌధం బడ్జెట్ ప్రతిపాదనలో పెట్టారు. ఆ సిగ్గుచేటు గురించి మరోసారి మాట్లాడుకోవచ్చు. గోడ గడియారం చూసి నిమిషాలు రాసుకోవడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

గైడ్లకూ, ప్రశ్నపత్రం ప్రీ-టెస్టులను కళ్లు మూసుకుని అచ్చేసే జర్నల్ సంపాదకులకూ ఒకే మాట. మీ విద్యార్థులు తెలివితక్కువవారు కాదు. రాత్రి పన్నెండింటికి వార్డులో ఏం జరుగుతుందో మీకంటే వారికే బాగా తెలుసు. వారి చేత తెలిసింది రాయించకుండా, తేలిగ్గా తేలేది రాయిస్తున్నది మీరు. పరిశోధన చేతకాదని నర్సులను వెక్కిరించే అవకాశం ఇతరులకు ఇస్తున్నదీ మీరే.

బిడ్డ పుట్టిన నిమిషం కేస్‌షీట్‌లో ఎలాగూ రాస్తారు. తల్లి రొమ్ముకు చేరిన నిమిషం రాయడానికి పక్కన ఒక గడి గీస్తే చాలు. ఆ గడి గీయడానికి ఎవరు ఒప్పుకోవడం లేదో, ఎందుకు ఒప్పుకోవడం లేదో వారే సంతకం చేసి రాసివ్వాలి.