అడిగే నాథుడు ఉన్నవాడి కేసు

గవర్నర్‌పేటలో మా పై వాటాలో ఉండే బాబాయి గారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మొన్న ఎండాకాలంలో బయటికి కాలు పెట్టలేని మధ్యాహ్నాలు ఆయనా నేనూ కూర్చుని ‘ద పీపుల్ వర్సెస్ ఓ.జె. సింప్సన్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ పది ఎపిసోడ్లూ చూశాం. హైవే మీద సింప్సన్ ఎక్కిన తెల్ల బ్రాంకో కారు వెనకాల పోలీసు కార్లు బారులు తీరిన ఘట్టం ఆయన్ని పెద్దగా కదిలించలేదు. నెత్తుటి మరకలు సేకరించిన డెనిస్ ఫంగ్‌ని డిఫెన్స్ లాయర్ బ్యారీ షెక్ బోనులో నిలబెట్టి కడిగేస్తుంటే మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు. “నా సర్వీసంతా ఎన్ని కేసుల్లో సాక్ష్యం చెప్పానో లెక్క లేదబ్బాయ్. నన్ను ఇట్టా అడిగినవాడు ఒక్కడూ లేడు” అన్నారు. గొప్పగా అన్నారో, బాధగా అన్నారో నాకు తెలీలేదు.

కథ కొత్తదేమీ కాదు. 1994 జూన్ 12 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో నికోల్ బ్రౌన్, రోనాల్డ్ గోల్డ్‌మన్ హత్యకు గురయ్యారు. నిందితుడు నికోల్ మాజీ భర్త ఓ.జె. సింప్సన్, అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ సినిమాల్లోనూ పేరున్న నల్లజాతీయుడు. 1995 అక్టోబర్ 3న జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల బృందం, అతన్ని నిర్దోషి అంది. ఎఫ్‌ఎక్స్ ఛానల్ 2016లో దీన్ని సిరీస్‌గా తీస్తే తొమ్మిది ఎమ్మీ అవార్డులొచ్చాయి. సింప్సన్ లాయర్లలో ఒకరి ఇంటిపేరు కర్దాషియన్. ఆ పేరు మన ఇన్‌స్టాగ్రామ్ పిల్లలకు వేరే కారణంతో తెలుసు, అది పక్కన పెడదాం.

చూసినవాళ్లలో చాలామంది తేల్చేది ఒక్కటే: “డబ్బుంటే హత్య చేసినా బయటపడొచ్చు.” ఈ మాటలో సగమే నిజముందని నా అభిప్రాయం. సింప్సన్ డబ్బుతో తీర్పును కొనుక్కోలేదు, ప్రశ్నలు కొనుక్కున్నాడు. నెత్తుటి నమూనాలను ఎండలో వ్యానులో ఎంతసేపు ఉంచారు? వెనక గేటు మీది మరకను మూడు వారాల తర్వాత తీయడమేంటి? సింప్సన్ దగ్గర తీసిన రక్తం సీసాను డిటెక్టివ్ ల్యాబుకివ్వకుండా తన వెంట పెట్టుకుని నిందితుడి ఇంటికే ఎందుకు వెళ్లాడు? ఇవన్నీ ఏ నిందితుడి తరఫునైనా అడగాల్సినవే. అక్కడ అడగడానికి ఒక దండే ఉంది.

సాక్ష్యంగా దొరికిన తోలు గ్లోవ్ కోర్టులో సింప్సన్ చేతికి పట్టని సంగతి అందరికీ గుర్తుంటుంది. తొడిగి చూపించమన్నది డిఫెన్స్ కాదు, ప్రాసిక్యూటర్ క్రిస్టఫర్ డార్డెన్. లోపల తొడిగిన సన్నటి రబ్బరు గ్లోవ్ మీద బిగుసుకున్న తోలు గ్లోవ్ ఎక్కుతుందా? తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. జ్యూరీ మనసు విరిగింది దానితోనే కాదు. డిటెక్టివ్ మార్క్ ఫర్మన్ నల్లవాళ్లను తిట్టే మాట పదేళ్లుగా అననే లేదని ప్రమాణం చేసి చెప్పాడు. తర్వాత అతని గొంతుతోనే ఆ మాటలున్న టేపులు బయటపడ్డాయి. 1991లో లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు చితకబాదిన వీడియోతో ఈ సిరీస్ మొదలవడం ఊరికే కాదు. ఆ ఊళ్లో పోలీసు మాటను నమ్మకపోవడం అనుభవం నేర్పిన పాఠం.

మరి మన దగ్గర? పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. ముసుగు వేసిన నిందితులు వెనకాల వరసగా నిలబడతారు, ముందు బల్ల మీద కత్తి, సెల్‌ఫోన్లు, ఒక బైకు తాళం. ‘నేరం అంగీకరించాడు’ అని సాయంత్రానికి స్క్రోలింగు. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని ఎవిడెన్స్ యాక్ట్ బ్రిటిష్ కాలం నుంచీ చెబుతూ వచ్చింది, 2024లో దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఆ మాటే ఉంది. టీవీ ముందు కూర్చున్న మన జ్యూరీకి ఆ సెక్షన్ వర్తించదు.

కోర్టు హాల్లో జరిగేది ఇంకా చిత్రం. నేను చూసిన ఒక సెషన్స్ కేసులో కూరగాయలమ్మే ఆవిడ సాక్షి. “చీకటిగా ఉందండి, ఎత్తు చూస్తే ఈయనలాగే అనిపించింది” అంది. ఆ మాట తెలుగులోంచి ఇంగ్లీషులోకి మారి, టైపయ్యి, రికార్డులోకి ఎక్కేసరికి ‘నేను ముద్దాయిని గుర్తించాను’ అయింది. ‘లాగే’ ఎక్కడ జారిపోయిందో ఎవరూ వెతకలేదు. ముద్దాయి లాయరుకు అదే రోజు ఇంకో హాల్లో పనుంది. ‘నువ్వు చెప్పేది అబద్ధం కదా’ లాంటి నాలుగు సజెషన్లు వేశాడు, నాలుగింటికీ ఆవిడ ‘కాదండి’ అంది. క్రాస్ ఎగ్జామినేషన్ అయిపోయింది, వాయిదా పడింది. సింప్సన్ కేసులో ఫర్మన్ ఒక్క మాట అన్నాడా లేదా అని వారాల తరబడి కొట్టుకున్నారు.

2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడు ఒక పేదింటి యువకుణ్ణి అరెస్టు చేశారు. ఇతను కాదని అమ్మాయి తల్లిదండ్రులే అంటూ వచ్చారు. 2010లో విజయవాడ కోర్టు పద్నాలుగేళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. దర్యాప్తు మీద వేసిన ప్రశ్నలకు ఒక కోర్టు విలువిచ్చేసరికి ఆ యువకుడి ఎనిమిదేళ్లు జైల్లో కరిగిపోయాయి. సింప్సన్ అరెస్టు నుంచి తీర్పు దాకా పట్టింది పదహారు నెలల లోపే.

జ్యూరీ ఉంటే బాగుండేదా అని అడిగేవాళ్లుంటారు. మనకూ ఉండేది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి మీది 1959 నాటి కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిది మందికి ఒకరు తేడాతో నిర్దోషి అంటే హైకోర్టు దాన్ని తోసిపుచ్చి యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జ్యూరీ వచ్చినా రాకపోయినా నా బెంగ తీరదు. అందుకే 2022లో మొదలైన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి మీద నాకు కొంచెం ఆశ. లాయరు పెట్టుకోలేని ముద్దాయిల కేసులే పనిగా జీతం మీద కూర్చునే లాయర్లు వాళ్లు. ఒక్కొక్కరి మీద ఎన్ని ఫైళ్లు వేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది, వాళ్లలోంచి ఒక షెక్ వస్తాడా, నాలుగు సజెషన్ల లాయరే వస్తాడా అన్నది.

సిరీస్‌లో లోపం లేదని కాదు. లాయర్ల మాటల పోటీలో చనిపోయిన ఇద్దరూ ఫొటోలైపోయారు. 1997లో సివిల్ కోర్టు ఆ చావులకు సింప్సనే బాధ్యుడని తేల్చి, మొత్తం 3.35 కోట్ల డాలర్లు కట్టమన్న సంగతి కూడా చివర్లో తెర మీద అక్షరాలకే పరిమితం.

ఆఖరి ఎపిసోడ్ అయ్యాక బాబాయి గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సర్వీసులో ఒక కేసు గురించి చెప్పారు. మధ్యవర్తుల నివేదిక, అంటే ఘటన జరిగిన చోట సాక్షుల ముందు రాయాల్సిన కాగితం, స్టేషన్లోనే రాశారట. సంతకాలు పెట్టిన ఇద్దరూ ఆ చేను గట్టు ముఖం కూడా చూడలేదట. “ఆ రోజు అక్కడికి ఏ బస్సెక్కి వెళ్లావయ్యా అని ఆ లాయరు ఒక్క ముక్క అడిగుంటే, ఇద్దరూ నీళ్లు నమిలేవాళ్లు” అన్నారు.

ముద్దాయికి ఎంత పడిందని అడిగాను. “ఏడేళ్లు” అని, రిమోట్ కోసం దిండు కింద వెతుక్కున్నారు.