ఆకు కాదు, కణుపు కావాలి

మనీ ప్లాంట్ ఆకు ఒకటి తుంచి నీళ్లలో వేస్తే కొత్త మొక్క వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. కాడతో ఉన్న ఆకు నెలల తరబడి పచ్చగా ఉండవచ్చు, ఒక్కోసారి వేర్లు కూడా వేయవచ్చు, కానీ చిగురు పుట్టవలసిన మొగ్గ కణుపు దగ్గరే, అంటే ఆకు కాడ తీగను కలిసే చోటే, ఉంటుంది కనుక కణుపు లేని ఆకు ఎన్నటికీ తీగ కాలేదు. మా ఇంట్లో పాత పచ్చడి సీసాలో అలాంటి ఆకొకటి ఏడాది పాటు వేర్లతోనే కాలక్షేపం చేసింది.

తీగను దగ్గరగా చూస్తే, ఆకు కాడ తీగను కలిసే చోట గోధుమరంగులో చిన్న బొడిపె కనిపిస్తుంది, అదే గాలివేరు. దానికి అంగుళం కింద కోసి, నీట మునిగే ఆకును తీసివేసి, కణుపు మాత్రం మునిగేలా ఉంచితే సాధారణంగా రెండు మూడు వారాల్లో తెల్లని వేర్లు వస్తాయి. హైదరాబాదులో ఈ పనికి మే నెల ఎండలకన్నా వానాకాలం అనువైనది. మా బోరు నీటికి సీసా అంచున తెల్లటి చార కడుతుంది కాబట్టి నేను నల్లా నీళ్లే వాడి, వారానికొకసారి మారుస్తాను. దొంగిలించిన తీగే బాగా పెరుగుతుందని పక్కింటివారి నమ్మకం. అడిగి తెచ్చుకున్నదీ మా బాల్కనీలో బాగానే పాకుతోంది.

వేర్లు రెండు అంగుళాలు దాటగానే మట్టిలోకి మార్చడం మేలు. ఈ మొక్కలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలు, పిల్లులు ఉన్న ఇళ్లలో సీసాను ఎత్తున పెట్టాలన్న సంగతి కూడా వ్యాసంలో చేర్చవలసింది.