ఇంట గెలవని ఒప్పందం రచ్చ గెలవదు

పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి అమెరికా తప్పుకోవడం ఇది రెండోసారి. మొదటిది 2020లో అమల్లోకి వచ్చింది. రెండోదానికి 2025 జనవరిలో, గద్దెనెక్కిన రోజే ట్రంప్ సంతకం పెట్టేశాడు. రెండుసార్లూ ప్రపంచమంతా ఆయన్ని తిట్టింది. తిట్టాల్సిందే. కానీ అధ్యక్షుడు మారితే చాలు, చెల్లకుండా పోయేలా ఆ ఒప్పందంలో చేరిందెవరు? ఒబామా ప్రభుత్వం దాన్ని అసలు అమెరికా ఎగువసభ అయిన సెనేట్‌కు పంపనే లేదు. పంపితే సంధి ఆమోదానికి కావాల్సిన మూడింట రెండొంతుల ఓట్లు రావని వాళ్లకు తెలుసు. అందుకే ఉద్గారాల తగ్గింపు లక్ష్యాలకు చట్టబద్ధమైన కట్టుబాటు లేకుండా చూసుకుని, అధ్యక్షుడి అధికారంతోనే చేరిపోయారు. 2015లో ఇరాన్‌తో కుదిరిన అణు ఒప్పందమూ సెనేట్ ఆమోదించిన సంధి కాదు. 2018లో దాన్నీ అలాగే వదిలేశారు.

అంతర్జాతీయ సంస్థ నిలబడుతుందా, కూలుతుందా అన్నది న్యూయార్క్, జెనీవా సమావేశ మందిరాల్లో తేలే విషయం కాదు. సభ్యదేశాల చట్టసభల్లో, ఎన్నికల్లో తేలుతుంది. విదేశాంగ విధానమంటే నిపుణుల వ్యవహారమని, దేశీయ రాజకీయాలు దానికి అడ్డమని మన చర్చల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. చరిత్ర సరిగ్గా దీనికి ఉల్టాగా చెబుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన నానాజాతి సమితినే చూడండి. దాన్ని కలగన్నది అమెరికా అధ్యక్షుడు విల్సన్. అప్పటికే సెనేట్ ఎన్నికల్లో రిపబ్లికన్లు మెజారిటీ గెలిచారు. అయినా పారిస్ శాంతి సదస్సుకు ఆయన ఒక్క సెనేటర్‌నూ వెంట తీసుకెళ్లలేదు. తిరిగొచ్చాక రిపబ్లికన్ నేత హెన్రీ కాబట్ లాడ్జ్ కొన్ని షరతులతో ఆమోదిద్దామంటే, ఆ షరతులకు ఒప్పుకోవద్దని సొంత పార్టీ సెనేటర్లకు విల్సనే చెప్పాడు. 1920 మార్చిలో ఆఖరి ఓటింగ్ జరిగింది. అనుకూలం 49, వ్యతిరేకం 35. మూడింట రెండొంతులకు ఏడు ఓట్లు తక్కువ. తాను పుట్టించిన సంస్థలో అమెరికా చేరనే లేదు.

ఆ ఏడాది ఎన్నికల్లో సమితి తరఫున వాదిస్తూ ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయిన డెమొక్రాట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. పాతికేళ్ల తర్వాత ఐక్యరాజ్య సమితిని కట్టే పని ఆయన చేతికే వచ్చింది. ఈసారి శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సుకు వెళ్లే బృందంలో రెండు పార్టీల సెనేటర్లకూ చోటిచ్చాడు. డెమొక్రాట్ టామ్ కానలీ ఉన్నాడు. మొన్నమొన్నటి దాకా బయటి ప్రపంచం గొడవలు అమెరికాకు వద్దన్న రిపబ్లికన్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ కూడా ఉన్నాడు. సదస్సు మొదలయ్యేలోపే రూజ్‌వెల్ట్ చనిపోయాడు. అయినా 1945 జూలైలో ఐక్యరాజ్య సమితి వ్యవస్థాపక పత్రమైన చార్టర్‌ను సెనేట్ 89-2 ఓట్లతో ఆమోదించింది.

దీనికి మూల్యమూ ఉంది, అదే వీటో: భద్రతామండలి నిర్ణయాన్ని ఒక్క అగ్రరాజ్యమే ఆపేయగల అధికారం. సోవియట్ యూనియన్ ఎంత పట్టుబట్టిందో, అమెరికా సెనేట్‌కూ అది అంతే అవసరం. వీటోను వ్యతిరేకించిన చిన్న దేశాల ప్రతినిధుల ముందు కానలీ చార్టర్ ముసాయిదా ప్రతిని చింపి చూపించాడు: వీటోను ఓడిస్తే చార్టర్ కూడా ఉండదని. ఇప్పుడు భద్రతామండలి కదలని ప్రతిసారీ వీటోను శపిస్తాం. న్యాయమే. అయితే దేశాల లోపలి రాజకీయాలు సంస్థల రూపురేఖల్ని ఎంత లోతుగా నిర్ణయిస్తాయో దీనికన్నా గట్టి రుజువు నాకు కనబడదు.

అగ్రరాజ్యాల బలమే అన్నీ నిర్ణయిస్తుంది, చట్టసభలు నామమాత్రమే అని వాదించేవాళ్లున్నారు. మరి 2016లో యూరోపియన్ యూనియన్, కెనడా వాణిజ్య ఒప్పందాన్ని రోజుల తరబడి ఆపింది ఎవరు? బెల్జియంలోని వలోనియా అనే చిన్న ప్రాంతపు చట్టసభ. చర్చలు గుట్టుగా జరగాలన్న మాటలో మాత్రం కొంత నిజముంది. బేరం గదిలోనే జరగనివ్వండి. ఏం అడగాలో వెళ్లేముందు, ఏం తెచ్చారో వచ్చాక సభకు చెప్పడానికి ఏమిటి అడ్డం?

సభలోకి వెళ్తే ఆలస్యమవుతుందన్న భయానికి భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు ఒప్పందమే జవాబు. 1974లో ఇందిరాగాంధీ, ముజీబ్ సంతకాలు పెట్టారు. భారత పార్లమెంట్ ఆమోదించేసరికి 2015 వచ్చింది. నలభై ఏళ్ల జాప్యాన్ని ఎవరూ సమర్థించలేరు. పొరుగు దేశపు నేల మధ్యలో చిక్కుకున్న, అటు 111, ఇటు 51 చిన్న చిన్న భూభాగాల్లో యాభై వేల మందికి పైగా ఏ దేశానికీ చెందనట్టే బతికారు. కానీ వందో రాజ్యాంగ సవరణగా వచ్చినప్పుడు ఉభయ సభల్లో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. 2024లో ఢాకాలో ప్రభుత్వం కూలి రెండు దేశాల మధ్య టెన్షన్ పెరిగినా, ఆ సరిహద్దు చెక్కుచెదరలేదు. అదే తీస్తా నది నీళ్ల పంపకం విషయంలో పశ్చిమ బెంగాల్‌ను ఒప్పించకుండానే 2011లో ఢిల్లీ ఢాకాకు బయల్దేరింది. ఆ ఒప్పందంపై ఈనాటికీ సంతకాలు లేవు.

ఇంత అనుభవం ఉండి కూడా మన దేశంలో ఒప్పందాలకు పార్లమెంట్ ఆమోదం తప్పనిసరి కాదు. భూభాగం వదులుకోవాల్సి వచ్చినా, చట్టం మార్చాల్సి వచ్చినా తప్ప అంతా కార్యనిర్వాహక వర్గం ఇష్టమే. 1994లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై సంతకం అలాగే జరిగింది. ఆ ఒప్పందానికి తగ్గట్టు పేటెంట్ చట్టాన్ని మార్చే ఆర్డినెన్స్ 1995లో పార్లమెంట్ ఆమోదం పొందక మురిగిపోయింది. అమెరికా ఫిర్యాదు చేస్తే 1997లో ఆ సంస్థ వేదికపైనే భారత్ ఓడిపోయింది. చివరికి 2005లో, సంకీర్ణ ప్రభుత్వం వామపక్షాల మద్దతుపై ఆధారపడిన సమయంలో, వాళ్ల ఒత్తిడితో చట్టంలో సెక్షన్ 3(డి) గట్టిపడింది. పాత మందుకు కొత్త రూపమిచ్చి, వైద్యపరంగా మెరుగైన ఫలితం చూపకుండా కొత్త పేటెంట్ అడిగితే కుదరదని దాని సారాంశం. 2013లో మందుల కంపెనీ నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు పేటెంట్ నిరాకరించింది దానివల్లే. సంతకం పెట్టిన అధికారులకు పదేళ్లపాటు తోచని రక్షణ సభలో బేరంతో వచ్చింది. 1994కు ముందే ఆ బేరం సభలో జరిగి ఉంటే జెనీవాలో మన ప్రతినిధుల చేతిలో ఎంత బలం ఉండేదో!

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలోని 14వ అంశం ఒప్పందాలపై చట్టం చేసే అధికారాన్ని పార్లమెంట్‌కు ఎప్పుడో ఇచ్చింది. ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. 2025 జూలైలో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు పెట్టాయి. ఆమోదానికి ముందు దాన్ని సభ సమావేశమయ్యే 21 రోజులపాటు పార్లమెంట్ ముందు ఉంచాలని బ్రిటన్‌లో 2010 నాటి చట్టం చెబుతోంది. అదే కాగితానికి ఢిల్లీలో కేంద్ర కేబినెట్ ఆమోదం సరిపోతుంది.