కోరంగిలో ఇరవై వేల ఓడలు ఎక్కడ పట్టాయి?

వారం రోజుల్లో ఆ మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. ఆఖరిది మా మేనమామ పంపాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "1839 నవంబర్ 25న 40 అడుగుల సునామీ ఒక్క అలతో కోరంగిని మింగేసింది. 20 వేల ఓడలు మునిగాయి. 3 లక్షల మంది చనిపోయారు. ఆ రోజుతో రేవు పని అయిపోయింది. సైక్లోన్ అనే మాట అక్కడే పుట్టింది. తర్వాత కాటన్ దొర ఆనకట్ట కట్టాక గోదావరి జిల్లాలకు జలగండం తప్పింది." కింద దండాల బొమ్మలు, ప్రతి తెలుగువాడూ షేర్ చేయాలన్న ఆజ్ఞ.

1839 నవంబర్‌లో అక్కడ పెద్ద తుఫాను వచ్చిన మాట నిజం. ఇక మిగతావి చూద్దాం.

ముందు ఓడలు. కోరంగి ఇప్పుడు కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, తాళ్ళరేవు మండలంలో ఉన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలకు మరమ్మతులు చేసిన రేవు. ఎంత పెద్ద రేవైనా 20 వేలు ఎలా పడతాయి? ఓడ పొడవు 20 మీటర్లే అనుకోండి. 20 వేల ఓడల్ని వరసగా పెడితే 400 కిలోమీటర్లు. అంటే కాకినాడ నుంచి బెజవాడ దాకా ఒక వరస పేర్చి, తిరుగుదారిలో దాదాపు ఇంకో వరస కూడా పేర్చవచ్చు. ఓడకి పదిమంది చొప్పున చూసినా 2 లక్షల మంది నావికులు కావాలి.

మరి ఆ 20 వేలు ఎక్కడిది? నా అనుమానం ఇది. 1789 డిసెంబర్‌లో కోరంగిని ముంచిన ఉప్పెన గురించి, తుఫానుల మీద పరిశోధన చేసిన ఇంగ్లీషువాడు హెన్రీ పిడింగ్టన్ రాశాడు. సముద్రం మీంచి వరసగా మూడు పెద్ద అలలు వచ్చాయని, పట్నంతోపాటు 20 వేల మంది పోయారని, లంగరేసిన ఓడలు యానాం చుట్టుపక్కల మైదానాల్లోకి కొట్టుకొచ్చాయని అందులో ఉంది. ఆ 20 వేల మంది మనుషులే కాలక్రమంలో 20 వేల ఓడలై, 1789 నుంచి 1839కి వచ్చి చేరినట్టున్నారు. రెండూ కోరంగే, రెండూ ఉప్పెనలే కాబట్టి కలిసిపోవడం తేలిక.

3 లక్షల మరణాల సంగతికి జనాభా లెక్కలే జవాబు. అప్పటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో తగ్గింది సుమారు 1 లక్షా 77 వేలు. ఈ ఇరవై ఏళ్ళ మధ్యలోనే 1832-33 నందన కరువు ఉంది, బతకలేక ఊళ్ళు విడిచిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ తగ్గిందంతా ఒక్క రాత్రి ఉప్పెన ఖాతాలో వేసినా 3 లక్షలకు చాలా దూరం. కరువుతో చచ్చినవాళ్ళని మన మెసేజ్ ఎక్కడా తలుచుకోదు. కరువు ఇలాంటి మెసేజ్‌కి పనికిరాదు కదా.

"ఆ రోజుతో రేవు పని అయిపోయింది" అన్నది నాకు మరీ వింతగా ఉంది. 1843లో మారిషస్‌కి తెలుగు కూలీల్ని తీసుకెళ్ళిన ఓడ పేరే కోరంగా ప్యాకెట్. బర్మాలో తెలుగువాళ్ళని చాలాకాలం కోరంగీలనే పిలిచారు, ఈ రేవు నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి. ఒక్క రాత్రిలో చచ్చిపోయిన రేవు పేరు అంతకాలం ఎవరి నోట్లో నానుతుంది? కోరంగిని చంపింది మేట. గోదావరి పాయ తెచ్చిన ఒండ్రు ఏడాదికేడాది మొగలో పేరుకుని లోతు తగ్గించింది. ఓడలు కాకినాడ వైపు మళ్ళాయి. మెల్లగా వచ్చిన చావు కాబట్టి దానికి తేదీ లేదు.

సైక్లోన్ మాట విషయంలో సగం మార్కులు వేస్తాను. ఆ పేరు పెట్టింది పిడింగ్టనే. కానీ ఆయన ఉన్నది కలకత్తాలో, అది అచ్చయింది 1848లో, మూలం గ్రీకు.

సునామీ అన్నది మాత్రం పూర్తిగా తప్పు. సునామీకి నెల, కాలం ఉండవు, సముద్రం అడుగున భూమి కదిలితే ఏ రోజైనా వస్తుంది. మన ఉప్పెనల తేదీలు చూడండి: 1787 మే, 1789 డిసెంబర్, 1839 నవంబర్. కృష్ణా వైపు దివిసీమను ముంచినది 1977 నవంబర్ 19. అన్నీ బంగాళాఖాతంలో తుఫానులు పట్టే నెలలే. మన తీరంలో తుఫాను కేంద్రానికి ఉత్తరం వైపున గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పళ్ళెంలా చదును. తోసిన నీరు వెనక్కి పోలేక మట్టం మొత్తం పైకి లేస్తుంది. దాని మీద మళ్ళీ అలలు. ఆ సమయానికి పోటు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇక ఆఖరి వాక్యం. మిగతావి వదిలేసినా దీన్ని వదలను, ఎందుకంటే దీన్ని నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని కాలువలకు మళ్ళించడానికి కట్టింది, వరదను దాచుకోవడానికి కాదు. దాని స్థానంలో 1982కి వచ్చిన బ్యారేజీ పనీ అంతే. వరదొస్తే గేట్లెత్తి సముద్రంలోకి వదలడమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఏటిగట్లు తెగాయి, కోనసీమ మునిగింది. 2022 జూలైలో 25 లక్షలు దాటితే లంకల్లో జనం పడవల మీద బయటికొచ్చారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గండం తప్పిన చోట ఈ అంకెలతో పనేమిటి?

ఇదంతా నది సంగతి. సముద్రానికైతే ఆనకట్టతో సంబంధమే లేదు. 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం వైపు వేటకి వెళ్ళిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. అప్పటిదాకా కాయల దింపు తీసుకున్న తోటలు తెల్లారేసరికి అడ్డంగా పడుకుని ఉన్నాయి. అందులో మా మామయ్య తోట కూడా ఉంది.

అందుకే ఆయనకి ఫోన్ చేసి అడిగాను. "జలగండం తప్పిందని పంపావు, మరి మన తోటని తీసుకుపోయిందేమిటి మామయ్యా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఓడల దగ్గరే ఆశ్చర్యపోయి పంపేశాన్రా, చివరిదాకా చదవలేదు" అన్నాడు.