మేడమీది కాక్‌పిట్ గారూ, తమరు ఎగిరేదెప్పుడండీ?

మ.రా.రా.శ్రీ మేడమీది కాక్‌పిట్ గారి సముఖానికి,

అమలాపురం దగ్గరి పల్లె నుంచి, తమరి గదికి పదహారు మెట్లు కింద, వంటింటి గుమ్మం పక్కన కూర్చుని రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం సంగతి నాకు తెలుసు. నిన్న రాత్రి తమరి ఎడమ ప్యానెల్ విప్పి, విప్పినట్టే వదిలేసి వచ్చింది నేనే కదండీ. అందుచేత ఉభయకుశలోపరి అనే మాట ఈసారికి రాయడం లేదు.

తమరు లేని రోజుల్లో నేను సుఖంగా ఉండేవాణ్ణి. ఒక కంప్యూటరు, ఒక మామూలు జాయ్‌స్టిక్, డీసీఎస్ వరల్డ్ అనే విమానాలు తోలే సిమ్యులేటర్, అందులో ఎఫ్/ఏ-18సి హార్నెట్ అనే అమెరికా యుద్ధ విమానం. ఎరువుల కొట్టు కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, లుంగీ మీదే విమానవాహక నౌక మీంచి లేచేవాణ్ణి. అరగంట తిరిగి అన్నాల వేళకి దిగేవాణ్ణి. ఎప్పుడైనా సముద్రంలో కూలితే కూలేవాణ్ణి, ఎవరి సొమ్మూ పోయేది కాదు. 2022లో ఒక సాయంత్రం నా బుద్ధి గడ్డి తింది. కీబోర్డు మీద 'జి' నొక్కితే చక్రాలు దిగడమేంటి, నిజం పైలట్ లివర్ పట్టుకుని దించుతాడు కదా అనిపించింది. ఆ ఒక్క లివర్ బిగించడానికి ఒక చెక్క కావాల్సి వచ్చింది. చెక్క నిలబడ్డానికి ఇంకో చెక్క. అలా చెక్క మీద చెక్క చేరి, ఇంట్లో కట్టుకున్న పైలట్ గదిలా వచ్చి కూర్చున్నారు తమరు.

కూర్చోవడం కూడా ఈశాన్యం గదిలో. "ఈశాన్యంలో బరువు పెట్టకూడదురా నాయనా" అని మా అమ్మ మొత్తుకుంది. ప్లగ్గులు అక్కడే ఉన్నాయమ్మా అన్నాను. పైగా తెర ఆనించే గోడ ఒక్కటే, కాబట్టి పైలట్ దక్షిణం చూస్తూ కూర్చోవాలి. యముడి దిక్కుకి ముఖం పెట్టి యుద్ధ విమానం తోలే కొడుక్కి ఆవిడ మాత్రం ఏం చెబుతుంది! "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట" అని సణుక్కుంటూ కిందికి వెళ్లిపోయింది.

తమరి మొదటి శరీరం ఎమ్‌డీఎఫ్. చెక్కపొట్టు నొక్కి చేసిన పలక, చవగ్గా వచ్చింది. కోనసీమలో వానాకాలం వస్తే గోడలకే చెమటలు పడతాయని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదాండీ? తెలుసు. అయినా చేయించాను. ఆగస్టుకల్లా తమరి కుడి పక్క పూతరేకులా పొరలు పొరలుగా విడిపోయింది, తీపి లేదంతే. రెండో శరీరానికి 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తెస్తే, మా వడ్రంగి కొలతల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గరుడ వాహనమాండీ? అప్పనపల్లికి మొక్కుకున్నారా?" అన్నాడు. పక్కనే వైనతేయ పాయ పారుతోంది, సాక్షాత్తూ గరుత్మంతుడి పేరు పెట్టుకున్న నది. అతను అలా అనుకోవడంలో తప్పులేదు. ఆయనకీ తమరికీ తేడా ఏంటంటే, ఆయన తల్లి దాస్యం తీర్చడానికి ఎగిరాడు. తమరు ఎగరకుండానే నన్ను దాస్యంలో పెట్టారు.

ప్యానెళ్లు నేమ్ ప్లేట్లు చేసే షాపులో చేయించాను. తెల్ల అక్రిలిక్ రేకు మీద నల్ల రంగు కొట్టి, అక్షరాలున్న చోట లేజర్‌తో ఆ నలుపు గీకేసి, వెనక ఎల్ఈడీ పెడితే చీకట్లో అక్షరాలే వెలుగుతాయి. మంచి పనితనమండి, ఆ అబ్బాయిని మెచ్చుకోవాలి. కాకపోతే ఆయుధాల స్విచ్ మీద వేయాల్సిన 'మాస్టర్ ఆర్మ్' అన్నది చూసి, "మాస్టారి పేరు పూర్తిగా రాయలేదండి, ఆర్ముగం అని వేసెయ్యమంటారా?" అని అడిగాడు.

ఇక అసలు గొడవకి వస్తాను. హార్నెట్‌లో మూడు తెరలు, ఒక్కోదాని చుట్టూ 20 బటన్లు. అక్కడికే 60. అవి కాక దీపాలూ, లివర్లూ, తిరిగే మీటలూ. ఒక్కో స్విచ్‌కి ఒక్కో తీగ ఇవ్వాలంటే స్విచ్‌ల సంగతి కంప్యూటర్‌కి చెప్పే ఆ చిన్న ఆర్డునో బోర్డుకి కాళ్లు, అంటే తీగలు తగిలించే పిన్నులు, చాలవు. అందుకని మ్యాట్రిక్స్ వేస్తారు. అడ్డంగా అయిదు తీగలు, నిలువుగా అయిదు తీగలు, ప్రతి కూడలిలో ఒక స్విచ్. పది కాళ్లతో 25 స్విచ్‌లు. మా చేలల్లో పంటబోదెలూ తూములూ ఉన్నట్టే. ఏ బోదెలో నీరు వదిలితే ఏ తూములోంచి వచ్చిందో చూసుకుని, ఫలానా తూము తెరిచారని బోర్డు కనిపెడుతుంది. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు.

2023 సంక్రాంతికి అత్తారివాళ్లందరినీ మేడమీదికి పిలిచాను. అరిసెల పళ్లెం తమరి ముక్కు మీదే పెట్టారు. నేను నౌక వెనకాల చేరి, దిగడానికి సిద్ధమై, చక్రాల లివర్ దించాను. ఫ్లాప్ స్విచ్ వేశాను. నౌక మీది తీగని పట్టుకునే కొక్కెం దించాను. దించానో లేదో, రెక్కల కింద వేలాడదీసిన బాంబులూ ట్యాంకులూ మొత్తం ఊడి సముద్రంలో పడ్డాయి. అంటే ఎమర్జెన్సీ జెటిసన్ బటన్ నొక్కినట్టు. ఆ బటన్ జోలికి నేను పోలేదు. మళ్లీ లేచాను, మళ్లీ దిగబోయాను, మళ్లీ ఊడ్చిపెట్టినట్టు రాలిపోయాయి. మా బావమరిది "పళ్లు రాలే వయసొచ్చిందండి దీనికి" అన్నాడు. గోదారోళ్ల ఎటకారం ఎలా ఉంటుందో తమరికి ఆ రోజే పరిచయమైంది.

మా మామగారు ఇరిగేషన్‌లో కాలవల తూములు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ ముట్టుకుని ఎరగరు. అందరూ కిందికి పోయాక నెమ్మదిగా, "అల్లుడుగారూ, ఆ తీగలు ఎలా వేశారో ఓసారి గియ్యండి" అన్నారు. గీశాను. గడుల మీద వేలు పెట్టి చూపించారు. ఒక నలుచదరానికి మూడు మూలలా తూములు తెరిచి ఉంటే నీరు చుట్టూ తిరిగి, ఒక బోదెలో ఎదురెక్కి, నాలుగో మూల తెరవకపోయినా అక్కడా పారినట్టే కనిపిస్తుంది. చక్రాలు, ఫ్లాపులు, కొక్కెం మూడు మూలలు. నాలుగో మూలలో నేను పోయి పోయి ఆ జెటిసన్ బటన్ పెట్టుకున్నాను! తెలిసినవాళ్లు దీన్ని గోస్టింగ్ అంటారు. దెయ్యం నొక్కు. "పోటుకి ఉప్పునీరు డ్రెయిన్లోకి ఎదురెక్కకుండా స్లూయిస్‌కి తలుపు పెడతాం, అటునుంచి తోస్తే మూసుకుంటుంది. తమరు తలుపులు పెట్టలేదాండీ?" అన్నారాయన. ఆ తలుపు పేరు డయోడ్. 1ఎన్4148, రూపాయో రెండో ఉంటుంది, ప్రతి స్విచ్‌కీ ఒకటి. కాటన్ దొర 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టి ఏ నీరు ఎటు పోవాలో తేల్చేశాడు. నూట డెబ్భై ఏళ్ల తర్వాత నేను పది తీగలకి దారి చెప్పలేకపోయాను. ఆ తర్వాత పెట్టిన 25 డయోడ్లూ తిరగేసి పెట్టాననీ, మళ్లీ ఊడదీశాననీ ఇక్కడ రాయాల్సిన పనిలేదు. రాసేశాను లెండి.

తర్వాత ఇద్దరు సత్తిబాబుల కథ. బోర్డుల్లో 32యూ4 చిప్ ఉన్నవైతే యూఎస్‌బీకి తగిలించగానే కంప్యూటర్‌కి తామే జాయ్‌స్టిక్కుల్లా కనిపిస్తాయి. అలాంటివి రెండు తెచ్చి ఎడమకొకటి, కుడికొకటి పెట్టాను. రెండూ ఒకే పేరుతో వచ్చాయి. ఇంటిపేరు లేని ఇద్దరు సత్తిబాబులు ఒకే వీధిలో ఉంటే పోస్టుమాన్‌కి ఎలా ఉంటుందో కంప్యూటర్‌కీ అలాగే ఉంటుంది. ఏ మీట ఏ పని చేయాలో సిమ్యులేటర్ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఫైలు పేరులో బోర్డు పేరు, పక్కన ఒక పొడుగాటి అంకెల తోక ఉంటాయి. మా ఆవిడ ఫోన్ ఛార్జింగ్‌కి ఒక కేబుల్ పీకి, మళ్లీ పెట్టేటప్పుడు పక్క రంధ్రంలో పెట్టింది. తోక మారింది. ఆ రాత్రి థ్రాటిల్ ముందుకు తోస్తే విమానం ఎడమకి తిరిగింది. బోర్డుల ప్రోగ్రాంలోనే వేరువేరు పేర్లు పెట్టుకోవాలని తెలిసేసరికి నెల గడిచింది. ఇప్పుడు ఒకరు పెద సత్తిబాబు, ఇంకొకరు చిన సత్తిబాబు. కంప్యూటర్లో నిజంగా అలాగే కనిపిస్తారు.

కార్తీక మాసం గురించి కూడా చెప్పాలి. తల తిప్పితే తెర మీద చూపూ తిరగాలని టోపీకి మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు తగిలించి, వెబ్‌క్యామ్‌లో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజుబిళ్ల పీకేసి, మామూలు వెలుతురు పడకుండా మా పెళ్లి ఫోటోల నెగెటివ్ చివర నల్ల ముక్క కత్తిరించి అడ్డం పెట్టాను. ఓపెన్‌ట్రాక్ అనే ప్రోగ్రాం ఆ మూడు చుక్కల్నీ చూసి నా తల ఎటుందో లెక్క కడుతుంది. పదకొండు నెలలు బ్రహ్మాండం. పౌర్ణమి నాడు మా ఆవిడ నా వెనకాల డాబా పిట్టగోడ పొడుగునా దీపాలు పెట్టింది, తలుపు తీసే ఉంది. దీపం మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ బోలెడంత ఉంటుంది కదండీ. మూడు చుక్కలకి బదులు ముప్ఫై చుక్కలు. తెర మీద పైలట్ తల పూనకం వచ్చినట్టు గిరగిరా తిరిగింది. దీపాలు ఆర్పమని అడిగే ధైర్యం నాకు లేదు. నెగెటివ్ సంగతి అప్పటికి ఆవిడకి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మా తాతయ్య హార్మోనియాలు బాగుచేసేవాడు. పద్యనాటకాలవాళ్లు రాత్రి నాటకం ఉందనగా తిత్తి చిరిగిన పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టేవారు. తమర్ని చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు, కారణం ఉంది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రి ఆర్గన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆ తిత్తులూ గాలిపంపులే వాడి 1929లో నేల మీదే ఊగే విమానప్పెట్టె చేశాడు. తమరి వంశానికి మూలపురుషుడు అదే. మొదట్లో సంతల్లో ఆటబొమ్మ కింద ఎక్కువగా పోయింది. 1934లో టపా మోసే సైనిక పైలట్లు మబ్బుల్లో దారి తప్పి వరసగా చనిపోయాక ఆర్మీ వాళ్లు ఆరు కొన్నారు. అంటే తిత్తి కుట్టడం తెలిసినవాడు పైలట్లని తయారుచేశాడు. మా తాతయ్యకి ఆ తెలివి రాలేదు. రాకపోవడమే మంచిదైంది, సాయంత్రానికి పెట్టె పలికించి ఇచ్చేసేవాడు. నేను మాత్రం ఆయన పాత పెట్టెలోంచి తీసిన ఒక స్ప్రింగు తమరి స్టిక్ మొదట్లో వేశాను. తమరి మొత్తం ఒంట్లో ఇంతవరకు పాడవని భాగం అదొక్కటే.

మొన్న సంక్రాంతికి మామగారు మళ్లీ వచ్చారు. పేపర్ మడత పెట్టి, "మన నేవీ వాళ్లు నౌకల కోసం ఫ్రాన్సు రఫేల్-ఎం 26 కొంటున్నారంట కదండీ. ఈ అమెరికా బండి కూడా గోవా వచ్చి ఎగిరి చూపించిందంట, వద్దన్నారంట. వాళ్లొద్దన్నది తమరెందుకు కట్టారు?" అని అడిగారు. 2022లో గోవా వచ్చింది సూపర్ హార్నెట్ మామయ్యగారూ, ఇది దానికంటే పాతదండీ అన్నాను. "ఓహో, పాతదాండీ" అన్నారు. అంతకంటే పొడుగ్గా ఏమీ అనలేదు. ఆయ్, అనాల్సిన పనిలేదు కూడా.

రడ్డర్ పెడల్స్‌లో కాలి కదలికని కొలిచే పొటెన్షియోమీటర్లు అరిగి, నా కాలు కదలకపోయినా సున్నా నుంచి 1023 లోపు తమకి తోచిన అంకె చెబుతున్నాయి. స్టిక్‌కి అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ పెడితే, అది అరగదు నిజమే, కానీ మా మేనల్లుడు ఫ్రిజ్ మీది తిరుపతి వెంకన్న బొమ్మ పీకి దాని పక్కన అంటించాడు. వారం రోజులు విమానం ఎడమకే ఒరిగింది. ఎఫ్-16 కట్టుకుని ఉంటే బాగుండేదేమో. దాని స్టిక్ మొదట్లో అసలు కదిలేదే కాదు, చేతి బలాన్ని కొలిచేదంతే. పైలట్లు గోల పెట్టాక ఏదో కాస్త కదిలేట్టు చేశారు. కదలని కర్ర పాతడమైతే నాకూ చేతనవును.

నాలుగేళ్ల లెక్క తీశాను. తమరి ఒళ్లో కూర్చుని గాల్లో తిరిగింది పదకొండు గంటలు. తమరి కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని గడిపిన కాలం రాసుకోలేదు. కాపీనం అంటారో ఏమంటారో గానీ, మధురపూడిలో విమానం ఎక్కి హైదరాబాద్ వెళ్లొద్దామని మా ఆవిడ అడిగితే, ఖర్చని వద్దన్నది కూడా ఈ నాలుగేళ్లలోనే.

నిన్న రాత్రి మాత్రం ఎన్నడూ లేనిది జరిగింది. కరెంటు పోలేదు. ఇద్దరు సత్తిబాబులూ ఎవరి పని వాళ్లు చేశారు. నౌక వెనక్కి చేరాను. చక్రాలు. ఫ్లాపులు. కొక్కెం. ఏదీ రాలలేదు. ఎదురొచ్చే గాలికి విమానం కోణం 8.1 డిగ్రీల దగ్గర, దిగడానికి ఉండాల్సినట్టే, కుదురుగా నిలబడింది. డెక్ మీద పడ్డాను, కొక్కెం తీగని పట్టుకుంది, ఆగాను. ఏదో తేడా వచ్చిందని చెప్పే మాస్టర్ కాషన్ దీపం కూడా వెలగలేదు. పట్టలేక మేడ మీంచి "దిగానోయ్!" అని అరిచాను.

"దిగితే ఇంకా గొంతు పైనుంచి వస్తుందేంటండీ? కిందికి రండి, పులుసు చల్లారిపోతోంది" అంది మా ఆవిడ.

రావాలనే లేచాను. లేస్తూ చక్రాల లివర్ ఊరికే ఒకసారి ఎత్తి దించాను. 'టక్' అంది. అసలు విమానంలో అది అంత పల్చగా అనదు, బరువుగా అంటుంది. ఒక్క నాలుగు స్క్రూలే కదా అని విప్పాను.

పులుసు పొద్దున్న తిన్నాను.

ఇట్లు,
తమరి ఎలక్ట్రీషియన్