వాడే పాత్ర కాకపోతే వంకరగా ఉన్నా చెల్లుతుందా?

కర్నూలులోనో అనంతపురంలోనో పింగాణీ పాత్రను శిల్పమని బల్ల మీద పెడితే, చూసినోళ్లు మొదట అడిగేది "ఇందులో ఏం పోసుకోవాలబ్బా?" అనే. అడగనీయండి, న్యాయమైన ప్రశ్నే. నా కోపమంతా "శిల్పం కదా, నీళ్లు కారితే ఏం?" అనే తయారీదారుల మీద.

కుండ మన ఆవంలో 800, 900 డిగ్రీలకు కాలుతుంది. గోడలో సన్న రంధ్రాలు మిగులుతాయి, అందుకే నీళ్లు చల్లబడతాయి. పింగాణీ అలా కాదు. చైనా క్లే అనే తెల్లమట్టి 50 పాళ్లు, ఫెల్డ్‌స్పార్ అనే కరిగే రాయి పొడి 25, పలుగురాయి పొడి 25 కలిపి 1280 డిగ్రీల దాకా కాలిస్తే గోడ గాజులా బిగుస్తుంది. గ్లేజు, అంటే పైన గాజు పూత, లేకున్నా చుక్క ఇంకదు. ఇంక కారిందంటే ఎక్కడో పగిలినట్టే. దానికి శైలి అని పేరెందుకు?

పగిలేదెందుకంటే, ఆరి కాలేసరికి ఈ మట్టి 12 నుంచి 15 శాతం కుంచించుకుంటుంది. పచ్చిగా 30 సెంటీమీటర్లున్న మూతి 26 దగ్గరికి దిగుతుంది. అడుగేమో కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) పలకను పట్టుకొని జరగదు. వెడల్పాటి పాత్ర కింద అదే మట్టితో చేసిన, ఇంకా కాలని బిళ్ల పెడితే రెండూ కలిసి కుంచించుకుంటాయి. మధ్యలో ఆ వేడికి కరగని అల్యూమినా పొడి చల్లాలి, లేదంటే అడుగు అంటుకొని పెచ్చు లేస్తుంది.

ఆరబెట్టడంలోనే మనోళ్లు ఎక్కువ చెడగొడతారు. మే నెలలో కూలర్ గాలి ఒక పక్కే తగిలితే ఆ పక్క ముందు ఆరి మూతిని లాగేస్తుంది. ప్లాస్టిక్ కవరు కప్పి రోజూ కొంచెం కొంచెం తెరవాలి. గట్టిపడినాక బోర్లించాలి, అడుగుక్కూడా గాలి తగులుతుంది. సారె మీద పడిన నొక్కును చేత్తో సరిచేసి ఊరుకుంటే కిల్న్‌లో మళ్లీ అక్కడే తేలుతుంది. ఈ మట్టికి జ్ఞాపకం జాస్తి.

ఎడ్మండ్ డి వాల్ అనే బ్రిటిష్ పింగాణీ కళాకారుడు 2009లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గుమ్మటం కింద, ఎర్ర అల్యూమినియం అర మీద 425 పింగాణీ పాత్రలు పేర్చాడు. కింద నిలబడినోళ్లకు ఒక్కదాని లోపలా కనపడదు. చూపంతా అంచుల మీద, ఎడాల మీద, ఎత్తుపల్లాల మీదే పడుతుంది. వాడకం పోయినచోట రూపం మీద లెక్క ఇంకా కఠినమవుతుంది.

కావాలని వంచిన మూతినీ కిల్న్‌లో కూలిన మూతినీ పసిగట్టాలంటే లోపల చిన్న బల్బు పెట్టి చూడండి. గోడ రెండు మూడు మిల్లీమీటర్లుంటే వెలుగు బయటికొస్తుంది. వంపు దగ్గర చెయ్యి తిరిగిన గుర్తులుంటే సరే. ఒక పక్క మందంగా చీకటి మచ్చ, ఎదురుపక్క మరీ పల్చన, ఆ పల్చన పక్కే మూతి వాలిపోయి ఉంటే అది కూలిందే. తర్వాత అడుగు తిప్పి వెంట్రుకంత పగులుందేమో చూడండి. రంగు, పేరు, ధర ఆ తర్వాత అడగొచ్చు.