పాట రాసినవారి వాటా పోదు

“పాటకు ఒకసారి డబ్బు తీసుకున్నాక రచయితకు ఇంకే హక్కూ ఉండదు” అని సినిమా పాటల గురించిన మీ వ్యాసంలో రాశారు. 2012కు ముందైతే కాదనలేకపోయేవాళ్లం. 1977లో సినిమా పాటల హక్కుల కేసులో సుప్రీంకోర్టు నిర్మాత వైపే తీర్పు చెప్పింది. గాయకుల సంగతి పార్లమెంటు ఆలోచించాలని జస్టిస్ కృష్ణయ్యర్ అందులోనే విడిగా రాశారు. రచయితల కోసం కాపీరైట్ చట్టం మారడానికి మరో 35 ఏళ్లు పట్టింది!

ఇప్పుడు థియేటర్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప టీవీ, ఎఫ్‌ఎం, రింగ్‌టోన్, యూట్యూబ్ ఎక్కడ వాడినా రాయల్టీలో (వాడుకున్నందుకు కట్టే సొమ్ములో) పాట హక్కులు రాయించుకున్నవారితో సమానంగా రచయితకు, స్వరకర్తకు వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం కుదరదు. రాసిచ్చినా ఆ షరతు చెల్లదు.

మా ఊరి కుర్రాడొకడు రెండు చిన్న సినిమాలకు పాటలు రాశాడు. ఒప్పంద పత్రం నాకు చూపించాడు. అంతా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివినవాడు, “అన్నా, సంతకం పెట్టేశాను, ఇక నాకేం రాదుగా” అన్నాడు. అలాంటి సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవచ్చని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నాకు చాలా బాధేసింది.

ఇలాంటి కుర్రాళ్లు మీ వ్యాసాలు చదువుతారు. దయచేసి ఆ వాక్యం సరిదిద్దండి.